పెళ్ళికొడుకు రైల్లో ఉన్నాడు

మోజి రేవు, జపాను
1934 ఫిబ్రవరి 18

దేవుడమ్మకి,

విశాఖపట్నం పంపుతున్నామనుకుని మీరంతా నన్ను తెలుక్ ఆన్సన్‌లో బండి ఎక్కించారు. నేను తాపా రోడ్డులో దిగి, ఓడెక్కే పెనాంగుకి పోయే బండి కోసం నిలబడాలి. నిలబడలేదు. ఎదుటి ప్లాట్‌ఫారం మీదికి సింగపూరు వెళ్ళే బండి వచ్చింది. అది ఎక్కాను. అక్కడి నుంచి ఓడలో జపాను వచ్చాను.

ఈ ఉత్తరం చేరేలోపు మీ అన్న పైడయ్య నా కోసం విశాఖపట్నానికి తంతి కొట్టించే ఉంటాడు. అక్కడ జవాబిచ్చేవాళ్ళు లేరు. కాలేజీలో చదివినవాడు మలయా ఎస్టేటులో కిరాణీ గుమస్తాగా చేరి, కూలీల మేస్త్రీ కంగాణి కూతుర్ని చేసుకున్నాడని మా వాళ్ళు ఏనాడో నన్ను వదిలేశారు.

జపాను ఎందుకంటావు. కారణం ఒకటే. మా పెళ్ళైన కొత్తలో తెలుక్ ఆన్సన్‌లో జపాను ఆయన ఫొటో దుకాణానికి వెళ్ళాం. గోడ మీద ఒక పటం. కొండ సొరంగంలోంచి రైలు బయటికి వస్తోంది. మీ అక్క నూకమ్మ ఫొటో సంగతి మరిచిపోయి దాన్నే చూస్తూ నిలబడింది. అది క్యూషూ అనే దీవి అని దుకాణం ఆయన చెప్పాడు. ఎస్టేటు వాళ్ళు ఆరు నెలల సెలవు ఇచ్చినప్పుడు నిన్ను విశాఖపట్నం తీసుకెళ్తాను అన్నాను. "అది నీ ఊరు. నాకక్కడ ఎవులున్నారు? నన్ను సూసి కూలోల గుంట అంతారు. ఎవులూ ఎరగని సోటికి పోదాం" అంది.

సెలవు ఇప్పుడు వచ్చింది. ఆమె లేదు. చోటు ఉంది.

ఈ ఊరు దీవికి గుమ్మం లాంటిది. ఇక్కడి రైలుపెట్టెల మీద రంగుచార ఉంటుంది. ఎరుపు చార మూడో తరగతి. భాష రాకపోయినా చార చూసి ఎక్కొచ్చు. ప్రతి స్టేషను బోర్డు మీద ఆ ఊరి పేరు, దాని కింద వెనకటి ఊరు, ముందటి ఊరు ఇంగ్లీషు అక్షరాల్లో కూడా రాసి ఉంటాయి. ఎక్కడి నుంచి వస్తున్నావు, ఎక్కడికి పోతున్నావు అని మన కూలీ ఇళ్ళ లైన్లలో అందరూ అడుగుతారు. వీళ్ళు రాసి పెట్టేశారు.

హకాతా అనే ఊళ్ళో ఒక సత్రం కుదుర్చుకున్నాను. ఎక్కడ తిరిగినా అక్కడికే వస్తాను. చిరునామా వెనక రాశాను. ఇంటి తాళం నీ దగ్గరే ఉంచు. కోళ్ళకి గింజలు వెయ్యి.

సన్యాసి


బాగన్ దాతుక్
మార్చి 6

బావకి,

కోళ్ళు బాగున్నాయి. మనుషుల సంగతి నువ్వు అడగలేదు. అయినా రాస్తున్నాను.

ముందు ఒక మాట. మాట్లాడినట్టు రాస్తే అక్క నాకు మొట్టికాయ వేసేది. అచ్చులో ఉన్నట్టు రాయాలని నువ్వు ఆమెకి నేర్పావు, ఆమె నాకు నేర్పింది. అందుకే ఇలా రాస్తున్నాను. కోపం వచ్చినప్పుడు మాత్రం నా మాటే వస్తుంది.

నీ ఉత్తరం ఇంట్లో చదివి వినిపించాను. అమ్మ ఏడ్చింది. అన్న చుట్ట ఆర్పేశాడు.

"జపానా? ఆడికేటి పని? కొబ్బరికాయలు అమ్ముతాడేటి?"

"రైలెక్కడానికి ఎల్లినాడట" అన్నాను.

"మనకాడ రైలు నేదేటే? తెలుక్ ఆన్సన్‌ల ఎక్కి తాపా రోడ్ల దిగి మల్లా ఎక్కమను లా, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు!" కోపం వస్తే అన్న మాట చివర మలాయి వాళ్ళ "లా" కూడా వస్తుంది కదా.

మూల కూర్చున్న అప్పన్న తాత అప్పుడు నోరు విప్పాడు. "పేరెట్టినోలు తెలిసే ఎట్టినారు. సన్యాసి!" అందరూ నవ్వారు. అమ్మ కూడా ఏడుపు మధ్యలో నవ్వింది. నేను నవ్వలేదు.

కారణం ఒకటే అని రాశావు. రెండో కారణం నేను. ఆ మాట నువ్వు రాయలేదు.

అక్క పోయిన పదకొండో నాడు, దినం భోజనాల దగ్గర అన్న అందరి ముందూ అన్నాడు, ఏడాది తిరిగాక చిన్నదాన్ని బావకే ఇచ్చేస్తామని. నువ్వు తల వంచుకున్నావు. ఔననలేదు, కాదనలేదు. అందరూ ఔనన్నావనుకున్నారు. వైశాఖంలో అక్కకి ఏడాది పెడతారు. ఆ వెంటనే ముహూర్తం. అక్క చెవి కమ్మలు కరిగించి తెలుక్ ఆన్సన్ కంసాలి చేత సవతి బిళ్ళ చేయిస్తున్నారు. పోయిన మొదటి పెళ్ళాం బొమ్మని రెండో పెళ్ళాం పుస్తెలతో పాటు మెడలో వేసుకోవాలి కదా. అక్క నవ్వితే ఊగే కమ్మలు, బావా, అవి.

నువ్వంటే నాకు గౌరవం. మొగుడుగా వద్దు. నీకూ నేను వద్దని తెలుసు. నాతో మాట్లాడేటప్పుడు నువ్వు నా పక్కకి చూస్తావు, అక్క నిలబడే చోటుకి. నేను వద్దంటే "గుంటకేటి తెలుసు" అంటారు. నువ్వు వద్దంటే అక్కడితో అయిపోతుంది. ఒక్క ముక్క అన్నకి రాయి. రైళ్ళ సంగతి ఆ తర్వాత చదువుతాను.

దేవుడమ్మ


హకాతా
మార్చి 24

దేవుడమ్మకి,

నీ ఉత్తరం అందింది.

ఈ నెలంతా తిరుగుతూనే ఉన్నాను. తిరగడం కష్టం కాదు. టికెట్టు కిటికీ దగ్గర ఊరి పేరు చెప్పి ఊరుకోవాలి. ఎక్కువ మాట్లాడితే నలుగురు పోగై సాయం చేస్తారు, అప్పుడు బండి పోతుంది. బండి ఆగగానే మెడకి పెట్టె వేలాడేసుకుని అన్నం అమ్మేవాళ్ళు కిటికీల వెంట పరిగెడతారు. పల్చటి చెక్కపెట్టెలో తెల్లటి అన్నం, మధ్యలో ఒక ఎర్రటి ఊరవేసిన కాయ. మామిడి టెంకలా పుల్లగా ఉంటుంది. కారం ఎక్కడా లేదు. టీ మట్టి కూజాలో ఇస్తారు. తాగి కూజా బల్ల కింద వదిలేయాలి. నేను మొదటిసారి దిగి తిరిగి ఇవ్వబోయాను. అమ్మినవాడు సిగ్గుపడ్డాడు.

పరదేశిని ఇక్కడ ఊరికే వదలరు. మామూలు బట్టల్లో పోలీసాయన వచ్చి, వంగి నమస్కారం పెట్టి, ఎదురుగా కూర్చుంటాడు. నాగసాకి దారిలో వచ్చినాయనకి ఇంగ్లీషు వచ్చు.

"ఏ పని మీద వచ్చారు?"

"రైలు ఎక్కడానికి."

"ఎక్కి?"

"దిగడానికి."

"దిగి?"

"ఇంకోటి ఎక్కడానికి."

ఆయన అది పుస్తకంలో రాసుకున్నాడు. "మీ దేశంలో రైళ్ళు లేవా?"

"ఉన్నాయి. వాటిలో నన్ను ఎరిగినవాళ్ళు ఉంటారు."

"భార్య?" అన్నాడు.

"ఉంది" అన్నాను.

"ఎక్కడ?"

నేను కిటికీలోంచి చూశాను. ఆయన మళ్ళీ అడగలేదు. నేను దిగేటప్పుడు నా సంచీ ఆయనే మోశాడు.

కుమమోతో ఊరి నుంచి ఆసో అనే నిప్పుకొండ మీదికి ఒక లైను ఉంది. దారిలో తతెనో స్టేషనులో బండి ఆగి, వెనక్కి కదిలింది. కిందికి జారిపోతున్నామని లేచి నిలబడ్డాను. ఎదుటి ముసలమ్మ నా కోటు అంచు పట్టి లాగి కూర్చోబెట్టింది. తన అరచేతిలో వేలితో గీసి చూపించింది. ముందుకి, వెనక్కి, మళ్ళీ ముందుకి. ఏటవాలు మరీ ఎక్కువైన చోట అలాగే ఎక్కుతారు. కాసేపటికి తతెనో మా కాళ్ళ కింద కనిపించింది. ముసలమ్మ నారింజ ఒలిచి సగం నా చేతిలో పెట్టింది.

ఏదో పూల కాలం మొదలవుతోందట. జనం చెట్ల కింద చాపలు వేసుకుని తాగుతారట. నేను చూడదలచలేదు.

నువ్వు రాసిన సంగతి. కంగారు పడకు. పెళ్ళికొడుకు లేనిదే పెళ్ళి జరగదు. పెళ్ళికొడుకు రైల్లో ఉన్నాడు. ముహూర్తం దాటాక వస్తాను.

సన్యాసి


బాగన్ దాతుక్
ఏప్రిల్ 9

బావా,

ఏటి నువ్వు రాసింది? పెళ్ళికొడుకు నేనిదే పెళ్ళి అవదా? నువ్వు కాలేజీల సదివినావు. అప్పన్న తాత ఏటీ సదవనేదు. అందుకే ఆయనకి దారి తెలిసింది.

మొన్న ఇంట్లో అందరూ కూర్చున్నారు. అన్న అన్నాడు, "బావ ముహూర్తానికి రాడులాగుంది, ఏటి సేద్దాం తాతా?" అప్పన్న తాత వక్క కొరుకుతూ, "రాకపోతే ఏటి? మా ఊర్ల బర్మా రంగం ఎల్లినోడు టయానికి రాకపోతే ఆడి కత్తిని పీట మీదెట్టి పెళ్ళి సేసినాం. కత్తి నేకపోతే కర్ర. మగోడు సెయ్యేసి పట్టిన వస్తువుంటే మగోడున్నట్టే" అన్నాడు.

"బావది సేతికర్ర ఉంది కదేటి! తలుపెనక తగిలించి ఎల్లినాడు" అన్నాడు అన్న.

నీ ఇంటి తాళం నా దగ్గరే ఉంది. అన్న చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు. కిటికీ చువ్వ ఊడదీసి కర్ర తెచ్చాడు.

కర్రకి తలపాగా చుట్టి చూశారు కూడా. పెళ్ళికూతురి కన్నా కురచగా ఉందని అప్పన్న తాత కింద ఇంకో పీట వేయించాడు. నాకు నవ్వు వచ్చింది. నవ్వితే, ఒప్పుకుంది అన్నారు.

నవ్వే సంగతి కాదు బావా. కర్రకి చేసినా అది పెళ్ళే. లైన్లలో అందరూ నన్ను నీ పెళ్ళాం అంటారు. నువ్వు నాలుగు నెలలకి వచ్చి కాదంటే మాత్రం ఏమవుతుంది? మొగుడు వదిలేసిన ఆడది అంటారు.

బిళ్ళ వచ్చింది. అమ్మ నన్ను ముట్టుకోనివ్వలేదు. పుస్తె పడ్డాకే బిళ్ళ పడాలట. ముందు బిళ్ళ పడితే ఆ మెడకి ఇక జన్మలో పుస్తె లేదట. బియ్యం డబ్బాలో దాచి మూత మీద కూర్చుంటోంది.

ఇంకొకటి. నీకు చెప్పకుండా దాచాను. అక్క పోయిన తర్వాత నేను ఎస్టేటు దొరసాని దగ్గరికి వెళ్ళాను. ఈపోలో ఆస్పత్రి వాళ్ళు ఆడపిల్లలకి మంత్రసాని పని నేర్పుతారని ఆమె చెప్పింది. పెళ్ళికాని వాళ్ళనే తీసుకుంటారు. జూను నెలలో రమ్మన్నారు. ఎందుకు వెళ్ళాలనుకున్నానో నీకు నేను చెప్పక్కర్లేదు. ఆ రోజు జెట్టీ మీద నువ్వూ ఉన్నావు, నేనూ ఉన్నాను.

నీ బండి వెనక్కి పోయి కొండెక్కుతుందట. నువ్వు ఒట్టి వెనక్కే పోతున్నావు బావా.

వద్దు అని రాయి. నీ చేత్తో రాయి. ఈసారి నారింజపళ్ళ గురించి రాస్తే చదవకుండా పొయ్యిలో పెడతాను.

దేవుడమ్మ


కగోషిమా
ఏప్రిల్ 27

దేవుడమ్మకి,

పైడయ్య బావకి ఇదే టపాలో వేరే ఉత్తరం వేశాను. అందులో రాసింది ఇది.

"దేవుడమ్మలో ఏ లోపమూ లేదు. ఉందని ఎవరైనా అంటే నా ముఖం మీద అనమను. నేను ఆమెని చేసుకోను. కర్రకి కట్టినా ఆ పెళ్ళిని ఒప్పుకోను. నా తరఫున ఎవరూ తల ఊపకూడదు. ఆమెని ఈపో పంపు."

ముందే ఎందుకు రాయలేదంటే, బావ మరదల్ని కాదంటే జనం మరదల్లో మచ్చ వెతుకుతారు. కాదనకుండా కనబడకుండా పోతే ఎవరికీ మచ్చ ఉండదనుకున్నాను. కర్ర సంగతి నాకు తట్టలేదు. ఈ ఉత్తరం ముహూర్తానికి ముందు చేరుతుందో లేదో తెలియదు. తంతి ఇస్తే మీ ఊరికి ఎస్టేటు ఆఫీసు ద్వారానే రావాలి. మన ఇంటి గొడవ దొర బల్ల మీద పెట్టను. ఆ మాటకి నువ్వు నన్ను తిట్టుకోవచ్చు.

ఇక్కడికి రావడానికి సముద్రం పక్కనుంచి దగ్గర దారి ఉంది. నేను పాత దారిన, కొండల్లోంచి వచ్చాను. హితొయొషి దాటాక బండి కొండ చుట్టూ పూర్తిగా ఒక చుట్టు తిరిగి తన దారికి తానే పైన తేలుతుంది. నూకమ్మ అయితే కిటికీలోంచి సగం బయటికి వంగేది. నేను కొంగు పట్టుకునేవాణ్ణి.

నా ఎదుట ఒక ముసలి జంట కూర్చున్నారు. ఇద్దరూ చెప్పులు విప్పి బల్ల మీద కాళ్ళు మడుచుకున్నారు. అన్నపు పెట్టెలు తెరిచారు. ఆమె తన చేపముక్క తీసి ఆయన పెట్టెలో వేసింది. ఆయన తన కాయ తీసి ఆమె పెట్టెలో వేశాడు. ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు. రోజూ చేసే పనే అన్నట్టు. నేను తినడం ఆపేశాను.

జెట్టీ సంగతి రాశావు. నేనూ రాస్తాను. ఆ రోజు ఏరు పాటు మీద ఉంది. పోటు వచ్చేదాకా ఆస్పత్రికి పోయే లాంచి కదలదన్నారు. నూకమ్మ చాప మీద ఉంది. నువ్వు ఆమె తల పట్టుకున్నావు. నేను చదువుకున్నవాణ్ణి. నీళ్ళని చూస్తూ నిలబడ్డాను. నీళ్ళు లేచేసరికి ఆమె లేదు, బిడ్డా లేదు. లైన్లలో ఒక్క మంత్రసాని ఉండి ఉంటే అని ఆనాటి నుంచి అనుకోని పూట లేదు. నువ్వు అనుకుని ఊరుకోలేదు, దొరసాని దగ్గరికి వెళ్ళావు.

ఈ ఊరి స్టేషనులో కూడా పోలీసాయన వచ్చాడు. అదే ప్రశ్నలు. "భార్య?" అన్నాడు.

"పోయింది" అన్నాను. పైకి అనడం ఇదే మొదలు.

ఆయన టోపీ తీశాడు. తర్వాత అడగవలసినవి ఇంకా ఉన్నాయి కాబట్టి అడిగాడు.

వాళ్ళకి లొంగకు. నా పేరు వాడుకో.

సన్యాసి


బాగన్ దాతుక్
మే 11

బావకి,

నీ పేరు వాడుకోవలసిన పని లేకపోయింది. నీ ఉత్తరాలు రెండూ ఇవాళ వచ్చాయి. ముహూర్తం నిన్న.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఏడాది పెట్టడం అయింది. అక్క పేరు మీద అందరూ తిన్నారు. మర్నాడు కొప్రాకి కొబ్బరి ఎండబెట్టే చోట పందిరి వేశారు. రెండు పీటల మీద నీ కర్ర. తలపాగా, దాని మీదుగా నీ నల్లకోటు. కల్లు ముంతలు ముందే తిరిగాయి. మా కన్నమ్మత్త కర్ర చుట్టూ తిరిగి, గడ్డం కింద చెయ్యి పెట్టి చూసి, "ఏటే, పెళ్ళికొడుకు బక్కసిక్కిపోనాడు! జపాను తిండి పడనట్టుంది" అంది. పందిరంతా నవ్వింది. "మాటాడడేటి?" అని ఎవరో అంటే, "ఆయన ఎప్పుడు మాటాడినాడు కనక!" అంది. ఆ మాట మాత్రం నిజం బావా.

నన్ను కూర్చోబెట్టారు. అప్పన్న తాత పళ్ళెం పట్టుకు వచ్చాడు. ఒక పక్క పుస్తెలు, ఒక పక్క బిళ్ళ. ముందు పుస్తెలు కర్రకి తాకించి కన్నమ్మత్త చేతికి ఇవ్వాలి, ఆమె నా మెడలో కట్టాలి. తాత పుస్తెలు ఎత్తాడు. నేను బిళ్ళ ఎత్తాను.

దాని మీద బొమ్మ అక్కలా లేదు. ఏ మనిషిలానూ లేదు. రెండు చేతులు, ఒక బొట్టు. కాని ఆ బంగారం అక్కది. మెడకి పెట్టుకుని దారం నేనే ముడేసుకున్నాను.

అమ్మ "ఓలమ్మో" అని కూలబడింది. అన్న చెయ్యెత్తి మీదికొచ్చాడు.

"తియ్యే! తియ్యే దాన్ని!"

"ఒద్దురా పైడయ్యా" అన్నాడు అప్పన్న తాత. "ఒంటెక్కిన బిల్ల దించకూడదు. దించితే సచ్చినదాన్ని మల్లా సంపినట్టు."

"అయితే పుస్తె కట్టీండి!"

"ఏ మెడకి కడతావురా? బిల్ల ముందు పడ్డ మెడకి పుస్తె నేదు. ఇది నాను పుట్టించినానేటి?"

"తాతా, ఆచారం నువ్వు తప్పవు కదేటి?" అన్నాను.

"తప్పనే గుంటా" అన్నాడు. ఆయన మొహం నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. పుస్తెలు పళ్ళెంలో పెట్టేశాడు.

నేను లేచి నిలబడి అందరికీ వినబడేలా అన్నాను. "ఇది మా యక్క. దీన్ని నాను ఏసుకోడానికి నడుమ మొగుడెందుకు? నాకు కర్రా వద్దు, కర్ర తాలూకు మనిషీ వద్దు. నాను ఈపో ఎల్తన్నాను."

వంట చల్లారిపోతోందని కన్నమ్మత్తే ముందు లేచింది.

ఇక నాకు పెళ్ళి లేదంటున్నారు. నాకు తెలుసు. ఆలోచించే వేసుకున్నాను. నీ ఉత్తరం ఒక్క రోజు ముందొస్తే ఇంత అవసరం ఉండేది కాదేమో. అయినా ఒకటి చెప్పనా? నీ మాట వల్ల ఆగి ఉంటే బావ కాదన్నాడని ఆగేది. ఇప్పుడు నేను కాదన్నానని ఆగింది. లోపం వెతుక్కోమను. అందరికీ కనబడేలా మెడలోనే వేసుకున్నాను.

ఈపో నాతో ఎవరూ రారు. "ఒక్కద్దానివే పో, ఒక్కద్దానివే సావు" అన్నాడు అన్న. నేను లాంచీ తప్ప ఏదీ ఎక్కలేదు. నిన్ను పంపడానికి వచ్చినప్పుడు రైలుపెట్టెని బయటి నుంచి చూశాను, అంతే. ఎలా ఎక్కాలో, ఎక్కడ దిగాలో రాయి. ఈసారి శ్రద్ధగా చదువుతాను.

నీ ఉత్తరం అన్నకి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నాడు. కింద అతను చెప్పమన్నది రాస్తున్నాను, ఒక్క మాట మార్చలేదు.

దేవుడమ్మ

బావా, ఈ గుంట నా మాటలు మార్చేస్తదేమో తెల్దు. నాను సెప్పేది ఇది. నాను సెల్లెల్ని పీడించినానని నువ్వు రాసినావు. రాయనేదా? రాసినట్టే ఉంది. మా నూకమ్మ పోనాది. ఇంక నువ్వు మా ఇంటికి ఎందుకొస్తావు? సదువుకున్నోడివి, ఇంకోసోట ఇంకో ఇంటిని సూసుకుంతావు. మా గుమ్మంల కూకుని పేపరు సదివి సెప్పేవోడు ఉండడు. ఆ భయానికి సేసినాను. తప్పయితే తప్పే. నీ కర్రకి పసుపు రాసినాం, ఎంత తోమినా పోవట్నేదు. వచ్చి నువ్వే తోముకో లా. పైడయ్య.


హకాతా
మే 28

దేవుడమ్మకి,

ముందు పైడయ్య బావకి చెప్పు. నేను వేరే ఇల్లు చూసుకోవడం లేదు. ఒక ఇంటికి అల్లుడు కావడానికి ఒక్క పెళ్ళి చాలు. పేపరు దాచి ఉంచమను, పాతవైనా చదువుతాను. కర్ర తోమొద్దను.

నీ మెడ సంగతి. ఆ నియమాన్ని నేను నమ్మను. నీకు ఏనాడైనా ఒకరు నచ్చితే బిళ్ళ ఉన్న మెడలోనే పుస్తె పడుతుంది. పడకూడదన్నవాడు నాతో మాట్లాడాలి. ఎవరూ నచ్చకపోతే అదీ నీ ఇష్టమే. అప్పుడూ వాళ్ళు నాతోనే మాట్లాడాలి. ఇకనుంచి మాట్లాడతాను.

నేను ఇప్పుడే బయల్దేరితే నిన్ను ఈపో తీసుకెళ్ళగలను. బయల్దేరను. నేను పక్కన ఉంటే నిన్ను బావ చేర్పించాడంటారు. నువ్వు చేరాలి.

శ్రద్ధగా చదువు.

తెలుక్ ఆన్సన్‌లో టికెట్టు కిటికీ దగ్గర "ఈపో, మూడో తరగతి" అను. ఇంకేమీ అనకు. ఎందుకు, ఎవరితో, ఎవరి తాలూకు అని కిటికీ వెనక గుమస్తా అడిగితే అది అతని పని కాదు. అదే మాట మళ్ళీ అను. చిల్లర లెక్కపెట్టుకునేదాకా వెనకవాళ్ళు తోసినా కదలకు.

తాపా రోడ్డులో దిగాలి. ఎదుటి ప్లాట్‌ఫారానికి మెట్ల వంతెన మీదుగా వెళ్ళు, పట్టాలు దాటకు. అక్కడ బండ్లు రెండు వైపులా పోతాయి. నీది ఉత్తరానికి పోయేది. కూలీని అడుగు, పక్కవాణ్ణి కూడా అడుగు, ఇద్దరూ ఒకటే చెబితే ఎక్కు. బోర్డు మీద ఇంగ్లీషు, తమిళం ఉండొచ్చు, తెలుగు ఉండదు. ప్రతి స్టేషనులోనూ తల బయటపెట్టి ఏ ఊరని అడుగు. సిగ్గుపడకు. నేను ఈ దేశంలో రోజూ అడిగాను. మాట రాక వేలు చూపించి అడిగాను. ఎవరూ తినెయ్యలేదు.

అన్నం కట్టుకు వెళ్ళు. తెరిచినప్పుడు ఎదుటివాళ్ళకి పెట్టు. పెట్టినవాళ్ళని మనుషులు దిగవలసిన చోట లేపుతారు.

ఒక సంగతి నీకు ఇంతవరకు రాయలేదు. ఇక్కడ కొండల్లో సొరంగాలు ఎక్కువ. కూత వినబడగానే పెట్టెలో అందరూ ఒక్కసారి లేచి కిటికీలు దించుతారు. నాది నేను దించేవాణ్ణి కాదు. మొదటిసారి తెలియక. తర్వాత తెలిసే. పొగ లోపలికి కొట్టేది. అందరూ దగ్గుతూ నన్ను తిట్టేవాళ్ళు. తిట్టనీ. సొరంగం చీకట్లో ఎవరికీ ఎవరూ కనబడరు. బయటికి వచ్చేసరికి నా ముఖమంతా నల్లగా, కళ్ళు ఎర్రగా ఉండేవి. పాపం పరదేశి, కళ్ళలో మసి పడిందనుకునేవాళ్ళు. ఇక్కడ ప్లాట్‌ఫారాల మీద ముఖం కడుక్కోవడానికి తొట్లు కట్టి ఉంటాయి. నేను కడుక్కుని మళ్ళీ ఎక్కేవాణ్ణి. ఈ దీవిలో ఆ తొట్లు చాలా వాడాను.

నీ బండి కదిలినప్పుడు నీకూ ఏడుపు వస్తుంది. అమ్మ లేక, అక్క లేక, ఒక్కర్తివీ. రానీ. కిటికీ వైపు తిరిగి ఏడువు. అక్కడి ఇంజన్లకీ మసి ఉంటుంది. కాని మన స్టేషన్లలో తొట్లు ఉండవు. తడిగుడ్డ ఒకటి వెంట ఉంచుకో. ఈపో వచ్చేముందు ముఖం తుడుచుకో.

బిళ్ళ రవికె లోపల దాచుకోకు. పైకి వేసుకుని దిగు.

సన్యాసి